బాలి హిందువులు, వాళ్ల మీడియా: తరచుగా అడిగే ప్రశ్నలు

బాలి వెళ్లొచ్చిన మనవాళ్లని ఎవరిని కదిపినా ముందు గుళ్ల గురించే చెబుతారు. ప్రతి గడప ముందూ కొబ్బరాకుతో అల్లిన చిన్న పళ్లెం, అందులో పూలు, నాలుగు మెతుకులు, పక్కన అగరుబత్తి. ఆ తర్వాత నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఆ ద్వీపం గురించి ఏళ్ల తరబడి ఇష్టంగా చదువుతూ వస్తున్నాను కాబట్టి, తెలిసినంతలో జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను.

బాలివాళ్లు మనలాంటి హిందువులేనా?

శివుడు, విష్ణువు, సరస్వతి, దుర్గ అందరూ అక్కడా ఉన్నారు. రామాయణ భారతాలు ఉన్నాయి. అయితే రోజూ ఇంట్లో, ఊళ్లో నడిచే మతం మాత్రం పితృదేవతలు, ఊరి గుడి, మంత్రజలం, నైవేద్యాల చుట్టూ తిరుగుతుంది. అందుకే దాన్ని ఒకప్పుడు 'ఆగమ తీర్థ' అని కూడా అన్నారు. తీర్థం అనే మాట మనదే. 'ఆగమ' అంటే ఇండోనేషియా భాషలో మతం.

2020 జనాభా లెక్కల ప్రకారం బాలిలో సుమారు 43 లక్షల మంది ఉన్నారు. వాళ్లలో దాదాపు 87 శాతం హిందువులు. అదే ఇండోనేషియా మొత్తం మీద చూస్తే హిందువులు రెండు శాతం కూడా లేరు. సొంత గడ్డ మీద మెజారిటీ, దేశంలో పిడికెడు మంది. కింది జవాబులన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకోండి. ఈ పూజ ఎందుకు చేస్తున్నారమ్మా అని బాలిలో ఒక పెద్దావిడని అడిగితే, 'ములా కెతో' అంటుంది. మొదట్నుంచీ ఇంతే అని అర్థం. తరతరాలు ఆ జవాబుతోనే సరిపోయింది. గత వందేళ్లలో అది సరిపోకుండా పోయింది. పత్రిక వచ్చి 'మీ మతం పేరేంటి?' అంది. రేడియో వచ్చి 'మీ ప్రార్థన ఏది, వినిపించండి' అంది. టీవీ వచ్చి 'దీని అర్థం చెప్పండి' అంది. ఈ ప్రశ్నలకి జవాబులు వెతుక్కుంటూనే బాలివాళ్లు తమ మతాన్ని కొత్తగా తీర్చిదిద్దుకున్నారు. ఉన్న మతాన్ని మీడియా ఫొటో తీసి చూపించిందంతే అనుకుంటే పొరపాటు.

'మాది హిందూ మతం' అని వాళ్లు ఎప్పట్నుంచి అంటున్నారు?

అది వాదనగా మారి అచ్చులోకి ఎక్కింది 1920లలో, ఉత్తర బాలిలోని సింగరాజ పట్టణంలో. డచ్చివాళ్లు 1908 నాటికి ద్వీపం మొత్తాన్ని లొంగదీసుకున్నారు. వాళ్ల పాలనకి కేంద్రం సింగరాజ. డచ్చి బడుల్లో చదువుకుని గుమాస్తాలు, ఉపాధ్యాయులు అయిన కుర్రవాళ్లు అక్కడ చేరారు. జీవితంలో మొదటిసారి జావా ముస్లింలూ క్రైస్తవులూ వాళ్ల పక్కన కూర్చున్నారు. 'మీదే మతం?' అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియని పరిస్థితి.

1924లో 'బాలి అద్న్యాన' అనే పత్రిక మొదలైంది. 1925లో దానికి పోటీగా 'సూర్య కాంత' వచ్చింది. మొదటిది త్రివంశ వాళ్ల వైపు మాట్లాడింది. బ్రాహ్మణ, సత్రియ, వేసియ అనే మూడు పై కులాలని కలిపి త్రివంశ అంటారు. రెండోది 'జబ'ల గొంతు. జబ అంటే బయటివాళ్లు అని అర్థం. జనాభాలో తొంభై శాతం వాళ్లే.

గొడవ దేని మీద? గౌరవం పుట్టుకతో వస్తుందా, చదువుతోనూ నడవడితోనూ వస్తుందా అన్నదాని మీద. ఆస్తులు కరిగించి మరీ దహనసంస్కారాలు అంత ఆర్భాటంగా చేయాలా అన్నదాని మీద. చివరికి మతం పేరు మీద కూడా. సూర్య కాంత వాళ్లు 'హిందూ బాలి మతం' అన్నారు. అంటే మేం హిందువులం, బాలిలో ఉంటున్నాం అని. త్రివంశ వాళ్లు 'బాలి హిందూ మతం' అన్నారు. అంటే మాది బాలి మతం, అందులో హిందూ ధర్మం కలిసింది అని. మాట ముందు వెనకలైతే ఏమవుతుందిలే అనుకోకండి. మొదటి పేరు పెడితే తప్పొప్పుల తీర్పు భారతదేశం నుంచి వచ్చిన గ్రంథాల చేతికి వెళ్తుంది. రెండో పేరు పెడితే ఊరి ఆచారం చేతిలో, దాన్ని కాపాడే పై కులాల చేతిలో ఉండిపోతుంది. రెండక్షరాల పదం ఎటు పెట్టాలన్న ఆ పంచాయితీ ఈనాటికీ తెగలేదు.

సూర్య కాంత 1927లోనే ఆగిపోయింది. బతికింది రెండేళ్లే. అది లేవనెత్తిన ప్రశ్నలు మాత్రం దానితో పోలేదు.

ఆ పత్రికలు బాలి భాషలోనే వచ్చేవా?

లేదు, మలయ్ భాషలో వచ్చేవి. ఇది నాకు చాలా ఆసక్తిగా అనిపించే విషయం. బాలి భాషలో ఎదుటివాడి కులం, హోదా తెలియకుండా నోరు తెరవడం కష్టం. 'తిను', 'వెళ్లు' లాంటి మామూలు మాటలకి కూడా పెద్దవాళ్లకి ఒకటి, సమానులకి ఒకటి ఉంటుంది. కులం వద్దని రాసే వాక్యాన్ని ఆ భాషలో రాస్తే, ఆ వాక్యమే కులాన్ని ఒప్పుకున్నట్టు అవుతుంది. మలయ్‌లో ఆ బాధ లేదు. అలా బాలివాళ్లు తమ గురించి తాము చేసుకున్న మొదటి పెద్ద బహిరంగ చర్చ వేరే భాషలో నడిచింది. మన మతం, మన సంస్కృతి అన్న పెద్ద మాటలు ఇప్పటికీ అక్కడ ఎక్కువగా ఇండోనేషియా భాషలోనే వినిపిస్తాయి. అదంటే మలయ్‌కి కొత్త రూపమే కదా.

స్వాతంత్య్రం వచ్చాక ప్రభుత్వం వాళ్ల మతాన్ని గుర్తించలేదంటారు, నిజమేనా?

కొన్నేళ్లపాటు నిజమే. కొత్త ఇండోనేషియాలో మతం అనిపించుకోవాలంటే ఒకే దేవుడు, ప్రవక్త, పవిత్ర గ్రంథం ఉండాలన్న ధోరణి మతవ్యవహారాల శాఖలో బలంగా ఉండేది. ఆ లెక్కన బాలివాళ్లు 'ఇంకా మతం లేనివాళ్లు'. అంటే మతప్రచారకులు వచ్చి మార్చుకోదగ్గ జనం. ఆ అవమానం చిన్నది కాదు. బాలి నాయకులు వినతుల మీద వినతులు పెట్టారు. అధ్యక్షుడు సుకర్ణో తల్లి బాలి మనిషే. చివరికి 1958లో ఆ శాఖలో హిందూ బాలి విభాగం ఏర్పడింది. 1959లో పరిసద అనే హిందూ మత సంస్థ పుట్టింది. మన పరిషత్తే అది. ఒకే పరమాత్మకి 'ఇద సంగ్ హ్యంగ్ విధి వాస' అన్న పేరు స్థిరపడింది. విధి అన్న మాటని మనం తలరాతకి వాడితే వాళ్లు భగవంతుడికే పెట్టుకున్నారు.

రోజుకి మూడుసార్లు రేడియోలో, టీవీలో వచ్చే ప్రార్థన ఏమిటి?

దాని పేరు త్రి సంధ్య. ఆరు శ్లోకాలు. మొదటిది మన గాయత్రీ మంత్రం. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి వస్తుంది.

సాయంత్రం ఆరవుతుంది. స్థానిక చానల్‌లో నడుస్తున్న కార్యక్రమం ఆగిపోతుంది. అంతస్తులు అంతస్తులుగా లేచిన గడ్డికప్పు గుడి గోపురం, ధూపం పొగ, తెల్లబట్టల్లో కళ్లు మూసుకున్న మనుషులు తెర మీదకి వస్తారు. వెనక 'ఓం భూర్ భువః స్వః' నెమ్మదిగా, దీర్ఘంగా వినిపిస్తుంది. అదే సమయానికి ఊరి మండపం మీద మైకులోనూ వస్తుంది. మన చెవికి సంస్కృతం తెలుస్తుంది, రాగం మాత్రం తెలియదు. ఇంట్లోవాళ్లు అందరూ లేచి చేతులు జోడిస్తారా అంటే, అందరూ జోడించరు. కూర వేగుతూనే ఉంటుంది, పిల్లలు హోంవర్క్ చేసుకుంటూనే ఉంటారు. కానీ పొద్దు గుంకిందని, తాము హిందువులమని ఆ ధ్వని గుర్తుచేస్తుంది.

చాలామంది ఇది వేల ఏళ్లనాటి ఆచారం అనుకుంటారు. పూజారులకి సూర్యోపాసన మంత్రాలు ఎప్పట్నుంచో ఉన్నాయి, నిజమే. అయితే మామూలు జనం రోజుకి మూడుసార్లు చదివే ఈ రూపం 1950లలో కూర్చింది. భారతదేశం నుంచి వెళ్లి అక్కడే స్థిరపడిన నరేంద్ర దేవ్ పండిత్ శాస్త్రి కృషి అందులో ఉంది. బడిలో పిల్లలకి నేర్పారు, రేడియోలో పెట్టారు, 1978లో బాలి రాజధాని డెన్‌పసార్‌లో ప్రభుత్వ టీవీ కేంద్రం మొదలయ్యాక టీవీకీ వచ్చింది. ఇండోనేషియాలో మిగతాచోట్ల సంజె వేళ టీవీలో అజాన్ వస్తుంది. ఆ వరసలో తమ గొంతు కూడా వినిపించాలని బాలివాళ్లు కోరుకున్నారు. అందులో నాకు తప్పేమీ కనిపించదు. 'ఓం స్వస్త్యస్తు' అన్న పలకరింపు కథ కూడా ఇలాంటిదే. బడి, సభలు, రేడియో, టీవీ కలిసి దాన్ని ఇంటింటికీ చేర్చాయి.

'అజెగ్ బాలి' అంటే ఏమిటి?

అజెగ్ అంటే నిటారుగా, కదలకుండా నిలబడటం. 'బాలి నిలబడాలి' అన్న నినాదం అది. దాన్ని పుట్టించి పెంచింది ఒక మీడియా సంస్థ అన్న సంగతి చాలామందికి తెలియదు.

బాలి పోస్ట్ అనే దినపత్రిక 1948 నుంచీ ఉంది. ఆ సంస్థే 2002 మే నెలలో బాలి టీవీ చానల్ మొదలుపెట్టింది. ఆ ప్రారంభోత్సవంలో అప్పటి గవర్నర్ దేవ మదె బెరథ ఈ మాట వాడారు. ఐదు నెలలు తిరక్కుండానే, అక్టోబర్ 12న కూతాలో బాంబులు పేలి 202 మంది చనిపోయారు. టూరిజం ఒక్కసారిగా కూలిపోయింది. హోటళ్లు ఖాళీ, టాక్సీలు ఖాళీ, చెక్కబొమ్మలు చెక్కే ఊళ్లలో ఆర్డర్లు లేవు. నవంబర్ 15న పేలుడు జరిగిన చోటే పెద్ద శుద్ధి క్రతువు చేశారు. ప్రపంచం టీవీల్లో చూసింది.

ఆ కష్టకాలంలో జనం తమని తాము అడిగిన ప్రశ్న నన్ను కదిలిస్తుంది. 'ఎవరు చేశారు' అనే కాకుండా 'మనం ఎక్కడ తప్పాం, ఏ దేవతని మర్చిపోయాం' అనుకున్నారు. ఆ బాధలోకి, ఆ భయంలోకి అజెగ్ బాలి అన్న మాట సరిగ్గా వచ్చి పడింది. పత్రికలో రోజూ, టీవీలో గంటగంటకీ, బ్యానర్ల మీద, బడి పోటీల్లో, చివరికి ఎన్నికల ప్రచారంలో కూడా అదే మాట.

దాంతో మంచి జరిగింది. బాలి భాషలో వార్తలు వచ్చాయి. అప్పటిదాకా టీవీ అంటే ఎక్కువగా జకార్తా సీరియళ్లే. తన యాసలో మాట్లాడే మనిషిని, తన ఊరి గుడి ఉత్సవాన్ని తెర మీద చూసుకుంటే కలిగే ధైర్యం వేరు. కానీ ఆ 'నిలబడటం' ఎవరికి ఎదురుగా? బతుకుతెరువుకి జావా నుంచి, లొంబొక్ నుంచి వచ్చిన కూలీలు, మీట్‌బాల్ సూప్ అమ్మే బక్సో బండివాళ్లు అనుమానానికి గురయ్యారు. బక్సో వ్యాపారం బాలివాళ్లే చేయాలంటూ ప్రత్యేకంగా దుకాణాలు పెట్టించే ప్రయత్నాలు జరిగాయి. ఐదు నక్షత్రాల హోటల్ కోసం పొలం అమ్మినప్పుడు రాని కోపం బండివాడి మీద వచ్చింది. అది న్యాయం కాదని ఆనాడే గట్టిగా రాసిన బాలి మేధావులు ఉన్నారు.

బాలిలో ముస్లింలందరూ వలస వచ్చినవాళ్లేనా?

కాదు. ఉత్తర బాలిలోని పెగయామన్ లాంటి ఊళ్లలో ముస్లింలు శతాబ్దాలుగా ఉన్నారు. బాలి భాష మాట్లాడతారు, వయాన్, న్యోమన్, కెతుత్ లాంటి బాలి పేర్లే పెట్టుకుంటారు. హిందూ ఇరుగుపొరుగు వాళ్లు వీళ్లని 'న్యామ సెలమ్' అంటారు, ముస్లిం సోదరులు అని. 'బాలి అంటే హిందూ' అని రోజూ చెప్పే టీవీలో వీళ్లు కనిపించడం తక్కువ.

టీవీ వచ్చి నాటకాలని, తోలుబొమ్మలాటని చంపేసిందా?

దెబ్బ తగిలింది. రాత్రి పది తర్వాత మొదలై తెల్లవారే దాకా సాగే ఆటకి కూర్చునే జనం తగ్గారు. కానీ కథ అక్కడితో అయిపోలేదు. 1966లో పుట్టిన 'డ్రామా గాంగ్' అనే నాటకానికి ప్రభుత్వ టీవీయే ద్వీపమంతా ప్రేక్షకులని తెచ్చిపెట్టింది. క్యాసెట్లు, ఆ తర్వాత వీసీడీలు వచ్చాక కొందరు తోలుబొమ్మల కళాకారులు సినిమా హీరోలంత పేరు తెచ్చుకున్నారు.

బాలి ఆటల్లో ఒక పద్ధతి ఉంది. రాజులు, దేవుళ్లు కవి భాషలో మాట్లాడతారు. అది పాత జావా భాష, మామూలు జనానికి అర్థం కాదు. త్వాలెన్, మెర్దహ్ లాంటి సేవకపాత్రలు దాన్ని వాడుక భాషలోకి మార్చి, మధ్యలో జోకులు కలిపి, ఊరి సంగతులు జోడించి చెబుతారు. ధర్మం ఏమిటో జనం నేర్చుకున్నది ఎక్కువగా వాళ్ల నోటి నుంచే.

ఈ అలవాటు రేడియోలోకి ఎంత అందంగా వెళ్లిందో చూడండి. 'కిదుంగ్ ఇంటరాక్టిఫ్' అని ఫోన్-ఇన్ కార్యక్రమాలు ఉన్నాయి. డెన్‌పసార్ ప్రభుత్వ రేడియోలో 'దగంగ్ గంతల్' వాటిలో బాగా పేరున్నది. గంతల్ అంటే తాంబూలపు చుట్ట, దగంగ్ అంటే అమ్మేవాళ్లు. ఒకరు ఇంటి నుంచి ఫోన్ చేసి పాత రామాయణ కావ్యంలో ఒక పద్యం రాగంతో పాడతారు. ఇంకోచోట నుంచి ఇంకొకరు పాదం పాదానికీ బాలి భాషలో అర్థం చెబుతారు. పాడేది రైతు కావచ్చు, అర్థం చెప్పేది టీచరమ్మ కావచ్చు. ముఖాలు తెలియవు, గొంతులు మాత్రం తెలుసు. ఒకప్పుడు ఊరి మండపంలో పదిమంది చేసే పని ఇది. పూర్వం తాటాకుల మీద ఉన్న కావ్యాన్ని చదివే అవకాశం ఎక్కువగా పండితుల ఇళ్లకే ఉండేది. ఆడవాళ్ల గొంతు తక్కువ. రేడియో ఆ తలుపు తెరిచింది. మీడియా వల్ల బాలికి జరిగిన మేలు ఒక్కటే చెప్పమంటే నేను దీన్నే చెబుతాను.

పూజారులు టీవీలో ప్రవచనాలు చెబుతారా?

చెబుతారు, అయితే ఇది కొత్త అలవాటు. పెదంద అంటే బ్రాహ్మణ పూజారి. ఆయన పని తీర్థం తయారుచేయడం, ముద్రలు పట్టి మంత్రాలు గొణగడం. భక్తులకి ఎదురుగా కూర్చుని ఉపన్యాసం ఇవ్వడం ఆయన పనుల్లో ఉండేది కాదు. 'ధర్మ వచన' పేరుతో ప్రవచనాలు మొదలయ్యాక ఇద పెదంద గెదె మదె గునుంగ్ అనే ఆయన టీవీలో ఇంటింటికీ తెలిసిన మనిషి అయ్యారు. నవ్విస్తూ, సూటిగా చెప్పేవారు. 2016లో కాలం చేశారు.

టీవీలో చెప్పే హిందూ ధర్మానికీ ఊళ్లో చేసేదానికీ తేడా వస్తే?

అసలు ప్రశ్న ఇదే అనుకుంటాను. బాలిలో 'దేశ, కాల, పత్ర' అని ఒక సూత్రం ఉంది. మనం దేశకాలపాత్రలు అంటామే, అదే. ఏ ఊరి పద్ధతి ఆ ఊరిది, ఎవరిదీ తప్పు కాదు అన్నది దాని సారాంశం. పక్కపక్క ఊళ్లలో నైవేద్యం కట్టే తీరు కూడా వేరుగా ఉంటుంది. టీవీకి ఆ ఓపిక లేదు. కెమెరా ఏదో ఒక ఊరికే వెళ్లగలదు, ఒక పెద్దమనిషినే అడగగలదు. ఆయన చెప్పిందే 'బాలి సంప్రదాయం' అయిపోతుంది.

తుంపెక్ లందెప్ అనే పండుగ చూడండి. 210 రోజులకి ఒకసారి వస్తుంది. కత్తులకీ, ఇనుప సామానుకీ పూజ. మన ఆయుధపూజ లాగే ఇప్పుడు బైకులకీ, కార్లకీ, కంప్యూటర్లకీ కొబ్బరాకు అలంకారాలు కడతారు. పండుగ దగ్గరకొచ్చేసరికి పేపర్లో, ఫేస్‌బుక్‌లో ఒక మాట తప్పకుండా తిరుగుతుంది: ఇది బండ్ల పండుగ కాదు, లందెప్ అంటే పదును, బుద్ధికి పదును పెట్టుకోవడమే దీని అసలు అర్థం అని. ఆ వివరణ అందంగా ఉంది. కానీ అది చదివిన మనవడు, బైకుకి పూలు కడుతున్న తాతకి మతం తెలియదన్నట్టు మాట్లాడితే నాకు బాధ. తాత 'ములా కెతో' అని కట్టిన పూలలో భక్తి తక్కువేమీ లేదు.

'త్రి హిత కరణ' సంగతీ ఇంతే. దేవుడితో, మనుషులతో, ప్రకృతితో సామరస్యం అన్న ఈ సూత్రం ప్రతి టూరిజం కరపత్రంలో ప్రాచీనమని కనిపిస్తుంది. ఆ మాటని కూర్చింది 1960లలో. 2012లో యునెస్కో బాలి సుబక్ నీటిపారుదల పద్ధతిని గుర్తించినప్పుడు దీన్నే ప్రముఖంగా చెప్పింది. దాని వెనకున్న ఆచరణ మాత్రం నిజంగా పాతదే.

న్యెపి రోజు ఇంటర్నెట్ ఆపేస్తారట. అది మన ఉగాదేనా?

రెండూ శక సంవత్సరాదులే. బాలి పంచాంగంలోనూ క్రీస్తుశకం నుంచి 78 తీసేస్తే వచ్చేది శక సంవత్సరమే, మన శాలివాహన శకం లాగా. 2023లో రెండూ మార్చి 22నే పడ్డాయి, 2026లో మార్చి 19న. అధికమాసాల లెక్క వేరు కాబట్టి అన్ని ఏళ్లూ కలవవు. 2024లో న్యెపి మార్చి 11న అయితే మన ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది.

మనం పచ్చడితో, పంచాంగ శ్రవణంతో మొదలుపెడితే వాళ్లు మౌనంతో మొదలుపెడతారు. పొద్దున ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా నిప్పు, పని, ప్రయాణం, వినోదం నాలుగూ బంద్. విమానాశ్రయం కూడా మూసేస్తారు. టీవీ, రేడియో ప్రసారాలు ఆగుతాయి. ఫోన్లో డేటా ఉంటే వినోదం ఆగినట్టు ఎలా అవుతుందని మతపెద్దలు అడిగారు. 2017లో ఒప్పుకోలేదు, 2018 నుంచి మొబైల్ డేటా ఆపుతున్నారు. ఆసుపత్రులు, అత్యవసర సేవలకి మినహాయింపు ఉంది.

వీధి దీపం లేదు, బండి చప్పుడు లేదు, రాత్రి ఆకాశం నిండా నక్షత్రాలు. మర్నాడు డేటా రాగానే ఫోన్లన్నీ ఆ నక్షత్రాల ఫొటోలతో నిండిపోతాయి. వినోదం వద్దన్న నియమం ఫొటో తీయడానికి వర్తిస్తుందా అని అక్కడే వాదించుకుంటారు. ఆ వాదన జరగడం మంచిదే.

న్యెపి ముందు రాత్రి ఊరేగించే రాక్షస బొమ్మలు?

ఒగోహ్-ఒగోహ్. ఇవి 1980లలో పుట్టుకొచ్చినవి. 1983లో న్యెపిని జాతీయ సెలవుగా ప్రకటించాక ఊపందుకున్నాయి. ఊరి యువజన సంఘాలు నెలల తరబడి వెదురు, కాగితంతో కడతాయి. ఇప్పుడు తయారీ వీడియోలు ముందే యూట్యూబ్‌లోకి వస్తాయి, ఏ ఊరి బొమ్మ గొప్పదని కామెంట్లలో పోటీ. 2020లో కరోనా వల్ల ఊరేగింపులు రద్దయినప్పుడు ఆ కుర్రాళ్ల బాధ చెప్పనలవి కాదు.

పర్యాటకుల ఫొటోలు బాలి మతాన్ని మార్చాయా?

ఇది ఇన్‌స్టాగ్రామ్‌తో మొదలైన కథేమీ కాదు. 1920లలోనే డచ్చి ఓడల కంపెనీ బ్రోషర్లు, జర్మన్ డాక్టరు గ్రెగోర్ క్రౌజె ఫొటోలు 'స్వర్గం' అన్న ముద్ర వేశాయి. ఇవాళ ఉలువతు కొండ మీద సూర్యాస్తమయం వేళ చూసే 'కెచక్' రామాయణ నృత్యం 1930లలో రూపుదిద్దుకుంది. జర్మన్ చిత్రకారుడు వాల్టర్ స్పీస్, బాలి నర్తకులు కలిసి, పూనకం వచ్చే 'సంగ్‌హ్యంగ్' క్రతువులోని మగవాళ్ల బృందగానాన్ని తీసుకుని దాన్ని తయారుచేశారు. తర్వాత బాలివాళ్లే మేల్కొన్నారు. 1971లో సమావేశమై, ఏ నృత్యం గుడిలో మాత్రమే చేయాలి, ఏది టికెట్ పెట్టి చూపించొచ్చు అని వర్గాలు విడదీశారు.

ఇప్పటి సంగతికి వస్తే లెంపుయాంగ్ గుడి చూడండి. రెండుగా చీలిన ద్వారం, మధ్యలో అగుంగ్ పర్వతం, కింద నీళ్లలో ప్రతిబింబం. ఆ ఫొటో చూసి వెళ్తే అక్కడ నీళ్లే ఉండవు. ఫొటోగ్రాఫరు ఫోన్ కెమెరా కింద చిన్న అద్దం ముక్క పెడతాడు, అదే చెరువు. నంబర్ చీటీ తీసుకుని గంటలు ఎదురుచూసి, నిమిషంలో నాలుగు పోజులు. ఆ ద్వారం దాటి కొండెక్కితే పై గుళ్లు చాలా ఉన్నాయి. అటు పోయేవాళ్లు తక్కువ.

2022లో ఒక విదేశీ యువతి తబనన్ జిల్లాలో వందల ఏళ్ల పవిత్ర వృక్షం దగ్గర బట్టలు లేకుండా ఫొటో దిగి పోస్ట్ చేసింది. బాలి జనం ఆ పోస్ట్‌ని పట్టుకుని అధికారుల దాకా తీసుకెళ్లారు, దేశం నుంచి పంపించేశారు. మైల పడిందని ఊరివాళ్లు శుద్ధి పూజలు చేయాల్సి వచ్చింది. 2023లో గవర్నర్ కార్యాలయం పర్యాటకులకి ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అని ఉత్తర్వు ఇచ్చింది. ప్రార్థనకి వచ్చినవాళ్లు తప్ప గుడి లోపలి మండలంలోకి వెళ్లకూడదు, పవిత్ర వృక్షాలు ముట్టుకోకూడదు. మనమూ హిందువులమే కదా అని మన వాళ్లు చొరవగా లోపలికి వెళ్లిపోవడం కూడా సరి కాదు. నడుముకి సారంగ్ కట్టుకుని, అడిగి వెళ్లండి.

పుట్టపర్తి సాయిబాబా భక్తులు బాలిలో ఉన్నారా?

ఉన్నారు. భజన బృందాలు ఏర్పడి దశాబ్దాలు దాటింది, ప్రశాంతి నిలయానికి వచ్చి వెళ్లినవాళ్లూ ఉన్నారు. కులం పట్టింపు, ఖర్చు లేని భక్తి చదువుకున్న పట్టణ జనాన్ని ఆకర్షించింది. హరేకృష్ణ భక్తుల కథ ఇంకా కష్టమైనది. 1984లో ఇండోనేషియా అటార్నీ జనరల్ నిషేధించింది వాళ్ల అచ్చుపుస్తకాల పంపిణీనే. ప్రభుత్వం భయపడింది కాగితానికి అన్నమాట. 2020లో సోషల్ మీడియాలో గొడవ మళ్లీ రాజుకుంది. బాలి ఆచారం ప్రమాదంలో పడిందని ఒకవైపు, మేమూ హిందువులమే కదా అని ఇంకోవైపు. ఆ డిసెంబరులో బాలి పరిసద, సంప్రదాయ గ్రామాల మండలి కలిసి 'బాలి దృష్ట' (బాలి ఆచారం) కాని సంప్రదాయాల కార్యక్రమాలకి హద్దులు పెట్టాయి. సూర్య కాంత కాలంలో హిందూ ముందా, బాలి ముందా అని వేసుకున్న ప్రశ్నే ఇది. యూట్యూబ్‌లో నడిచిందంతే.

మన మహాభారతం సీరియల్ అక్కడా హిట్టేనా?

2014లో జకార్తా చానల్ ఏఎన్‌టీవీ వేసిన హిందీ మహాభారతం దేశమంతా ఊపేసింది. చూసినవాళ్లలో ఎక్కువమంది ముస్లింలే. తోలుబొమ్మల వల్ల అర్జునుడు, భీముడు వాళ్లకి శతాబ్దాలుగా ఇంటిమనుషులు.

బాలి లిపి ఫోన్‌లో టైప్ చేయొచ్చా?

చేయొచ్చు. 2006లో యూనికోడ్‌లో చేరింది. 2018లో గవర్నర్ ఉత్తర్వుతో ఆఫీసు బోర్డుల మీద లాటిన్ అక్షరాల పైన బాలి అక్షరాలు వచ్చాయి, గురువారాలు బాలి భాష మాట్లాడమన్నారు. 1928లో పెట్టిన సింగరాజ గెదొంగ్ కీర్త్య గ్రంథాలయంలో తాటాకు ప్రతులు వేలల్లో ఉన్నాయి. అక్కడా ఇతరచోట్లా ఉన్నవాటిలో చాలా భాగం స్కాన్ అయి ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతోంది. చదవగలిగే కుర్రవాళ్లు తక్కువన్నదే దిగులు.

సోషల్ మీడియా వల్ల బాలివాళ్లు గెలిచిన పోరాటం ఏదైనా ఉందా?

బెనోవా అఖాతం. అక్కడ సముద్రం పూడ్చి రిసార్టులు కట్టాలన్న ప్రాజెక్టుకి 2014లో అధ్యక్షుడి ఉత్తర్వు దారి తీసింది. ఫోర్‌బాలి అనే వేదిక టీషర్టులతో, పాటలతో, ట్విట్టర్‌తో ఉద్యమం నడిపింది. స్థానిక పత్రికలు పట్టించుకోని రోజుల్లో ఫోన్లే దానికి పత్రికలు అయ్యాయి. తర్వాత సంప్రదాయ గ్రామాలు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. 2016లో పరిసద ఆ అఖాతాన్ని పవిత్ర క్షేత్రం అంది. 2019లో కేంద్ర మంత్రిత్వ శాఖ దాన్ని పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. పర్యావరణం కోసం మొదలైన మాట తీర్థాల మాటగా మారినప్పుడే ఊళ్లు కదిలాయని నాకనిపిస్తుంది.

ఊరి కబుర్లకి ఇప్పుడు అంతా వాట్సాపేనా?

చాలావరకు. బంజర్ అంటే ఊళ్లో ఒక పేట. దాని మండపం పక్కన ఎత్తయిన గోపురంలో కుల్‌కుల్ అనే చెక్క డోలు వేలాడుతూ ఉంటుంది. మీటింగ్‌కి ఒక దరువు, చావుకి ఇంకో దరువు. ఇప్పుడు మీటింగ్ సంగతి గ్రూపులో ముందే వస్తుంది, ఎవరు కొబ్బరాకులు తేవాలో, ఎవరు బియ్యం తేవాలో కూడా. అయినా దరువు వేస్తారు. మంటలు అంటుకున్నా, దొంగలు పడ్డా ఆగకుండా కొట్టే దరువుని 'బులుస్' అంటారు. అది వినిపిస్తే ఫోన్ చూసుకోవడానికి ఎవరూ ఆగరు.